పాత టైరూ, బడి జాగా

"వాళ్ల పిల్లలకేమో రంగురంగుల జారుడుబల్లలు, మన పిల్లలకు లారీ టైర్లా?"

ఈ మాట అడిగేవాళ్లు మన వాడల్లో ఉన్నారు. అడగాల్సిన మాటే. తరతరాలుగా పాతబట్టలు మనకే, మిగిలిన అన్నం మనకే, చచ్చిన గొడ్డు మనకే. ఊరు వద్దనుకున్నదల్లా వాడకొచ్చి పడింది. ఇప్పుడు బడిలో కూడా అరిగిన టైర్లు, కాళ్లిరిగిన బల్లలు, ఖాళీ డ్రమ్ములు ఏరుకొచ్చి "ఇదిగో ఆడుకోండ్రా" అంటే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ మంటను పక్కకు నెట్టేసి పిల్లల ఆటల గురించి తియ్యగా మాట్లాడటం మాకు చేతకాదు. అందుకే అక్కడినుంచే మొదలుపెడుతున్నాం.

అంబేద్కర్ సతారా బడిలో చదివినప్పుడు తరగతిలో ఒక మూలన గోనెపట్టా మీద కూర్చున్నాడు. ఆ పట్టా పొద్దున ఇంటినుంచి ఆయనే తెచ్చుకోవాలి, సాయంత్రం ఆయనే మోసుకుపోవాలి. బడి ఊడ్చే నౌకరు దాన్ని ముట్టుకునేవాడు కాదు. ఈ సంగతి ఆయనే రాసి పెట్టాడు. గోనెపట్టా పాతసామానే కదా. ఆ అవమానం గోనెనారలో ఉందా? ఒక్క పిల్లవాడికే ఆ పట్టా, ఒక్క పిల్లవాడికే ఆ మూల, ఒక్క పిల్లవాడే దాన్ని మొయ్యాలి అనడంలో ఉంది. అదే గోనెసంచిలో ఇరవైమంది పిల్లలు వరసగా కాళ్లు దూర్చి, ఊరి పిల్లలూ వాడ పిల్లలూ కలిసి గెంతుకుంటూ పందెం పెట్టుకుంటే దాన్ని ఎవరూ అవమానం అనరు. బడికి పాతసామాను వచ్చినప్పుడు మనం అడగాల్సినవి మూడే. ఎవరు మోశారు? ఎవరు ఆడుతున్నారు? ఎవరు గట్టున నిలబడి చూస్తున్నారు?

ఇక ఆట సంగతి. పారేసినవాటితో ఆడుకోవడం మన పిల్లలకు ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. తెగిన హవాయి చెప్పును గుండ్రంగా కోసి చక్రాలు చేసేదెవరు? జొన్నబెండ్లు గుచ్చి ఎడ్లబండి కట్టేదెవరు? ఎండిన తాటికాయలకు పుల్ల గుచ్చి బండి నడిపేదెవరు? సోడామూతను రాయితో చదును కొట్టి, రెండు బొక్కలు పొడిచి, దారం ఎక్కించి జుయ్యిమని తిప్పేదెవరు? రెండు అగ్గిపెట్టెలకు దారం కట్టి ఇంటెనకనుంచి ఫోను మాట్లాడే పిల్లలు మన ఇళ్లల్లోనే పెరిగారు. సైకిలు టైరును కర్రతో కొడుతూ చెరువుకట్ట మీద పరిగెత్తే పిల్లోడికి చక్రం వంపు తిరిగేటప్పుడు ఏ పక్క కొట్టాలో చెయ్యికి తెలుసు. పై తరగతిలో ఆ లెక్కనే సారు బోర్డు మీద రాస్తే మాత్రం వాడికి రాదంటారు. వాడి తెలివికి బడి గేటు దగ్గరే అడ్డం పడుతోంది. దాన్ని లోపలికి రానివ్వాలి అన్నదే ఇక్కడ మా వాదం.

జారుడుబల్లను తప్పుబట్టడం లేదు. పిల్లలు జారాల్సిందే, దానికి అడ్డం చెప్పేవాడు పిల్లల్ని ఎరగనివాడు. కానీ జారుడుబల్ల ఒక్క పనే చేస్తుంది. ఎక్కు, జారు, మళ్లీ ఎక్కు. నెల తిరిగేసరికి పెద్దపిల్లలు దాన్ని తల్లకిందులుగా ఎక్కడం మొదలుపెడతారు. మొద్దుబారిన ఆటను కొత్తది చేసుకోవడానికి వాళ్లు పడే తిప్పలవి. సారేమో అల్లరి అని కొడతాడు. అదే ఆవరణలో నాలుగు పలకలు, పది ఇటుకలు, ఒక పాత చీర, రెండు తాళ్లు, ఓ డజను టైర్లు వదిలిపెట్టి చూడండి. పొద్దున అది బస్సు. ఇంటర్వెల్లుకు ఆస్పత్రి. సాయంత్రానికి కోట. రేపు ఏమవుతుందో పిల్లలకే తెలియదు.

ఈ సంగతిని బయటి దేశాల్లో పట్టుకున్నవాళ్లు ఉన్నారు. డెన్మార్కులో సోరెన్సెన్ అని తోటలు, ఆటస్థలాలు గీసే ఆర్కిటెక్టు. తాను గీసిన అందమైన ఆటస్థలాలను వదిలేసి పిల్లలు ఇళ్లు కట్టే చోట చెక్కముక్కలతో, ఇటుకలతో ఆడుకోవడం గమనించాడు. పాతసామాను ఆటస్థలం అనే ఆలోచనను 1931లోనే రాశాడు. అది నిజమైంది 1943లో, కోపెన్‌హేగెన్ శివారు ఎమ్‌డ్రప్‌లో. అప్పుడు ఆ దేశం జర్మను సైన్యం బూట్ల కింద ఉంది. కూలీల ఇళ్ల మధ్య ఖాళీజాగాలో పాతచెక్క, ఇటుక, పలుగూ పారా పిల్లల చేతికిచ్చారు. పిల్లలు గుంతలు తవ్వారు, గుడిసెలు కట్టారు, కూలగొట్టారు, మళ్లీ కట్టారు. బెర్టెల్సెన్ అనే మనిషిని వాళ్లతో ఉండటానికే పెట్టారు. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, దాని అవసరం కింద వస్తుంది. యుద్ధం అయిపోయాక 1946లో ఇంగ్లాండునుంచి లేడీ అలెన్ అనే ఆమె పోయి అది చూసింది. లండనులో బాంబులు పడి కూలిన ఇళ్ల జాగాల్లో అలాంటి ఆటస్థలాలు రావడానికి ఆమె ప్రచారం పనికొచ్చింది. 1971లో సైమన్ నికల్సన్ దీనికి ఒక సిద్ధాంతం రాశాడు. చుట్టూ కదిపి, కలిపి, విప్పి, మార్చగలిగే వస్తువులు ఎన్ని ఉంటే కొత్తది పుట్టించే తెలివి అంత పెరుగుతుందని దాని సారం. సృష్టించే శక్తి ఏ కొద్దిమందికో పుట్టుకతో వస్తుందనే మాట అబద్ధమని కూడా ఆయన గట్టిగానే అన్నాడు. పుట్టుకతో వచ్చే తెలివి గురించి రెండువేల ఏళ్లుగా వింటున్న మనకు ఈ ముక్క చెవికి ఇంపుగా ఉంటుంది.

మన దేశంలో అరవింద్ గుప్తా ఉన్నాడు. కాన్పూరు ఐఐటీలో ఇంజనీరింగు చదివి, 1978లో మధ్యప్రదేశ్ హోషంగాబాద్ పల్లెబడుల్లో సైన్సు కార్యక్రమానికి వెళ్లాడు. అక్కడి సంతలో దొరికే సైకిలు వాల్వుట్యూబు ముక్కలూ అగ్గిపుల్లలూ కలిపి త్రికోణాలు, చతురస్రాలు, ఇళ్ల కప్పులు కట్టించాడు. చెత్తనుంచి బొమ్మలు చెయ్యడమే జీవితం చేసుకున్నాడు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పుస్తకాలు తెలుగులోనూ దొరుకుతాయి. ఇక పెద్ద సామాను సంగతికొస్తే, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఆర్కిటెక్చర్ చదివిన పూజా రాయ్ మొదలుపెట్టిన బెంగుళూరు సంస్థ ఆంట్‌హిల్ క్రియేషన్స్ పాత టైర్లతో దేశమంతా వందల ఆటస్థలాలు కట్టింది. వాళ్లు ఐఐటీ చదివారు కాబట్టి పేపర్లో పడ్డారు. చెప్పుచక్రాల బండి కనిపెట్టిన పిల్లోడి పేరు ఏ పేపర్లోనూ లేదు. పడనీ, వాళ్లు చేసింది మంచిపనే.

అయితే ఒక మాట తెగేసి చెప్పాలి. టైరు ఊయల కట్టామని ఆటస్థలం బాకీ తీరిపోదు. 2010 ఏప్రిల్ 1నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసుంది. ప్రతి తరగతికీ ఆటసామాను ఇవ్వాలని రాసుంది. పిల్లలకు ఆట హక్కు అని ఒప్పుకునే ఐక్యరాజ్యసమితి ఒడంబడికకు మన దేశం 1992 డిసెంబరులోనే ఒప్పుకుంది. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక బడికి ఏడాదికి 5 వేలు, ప్రాథమికోన్నత బడికి 10 వేలు, హైస్కూలుకు 25 వేల దాకా ఆటసామానుకు ఇవ్వాలని లెక్క. ఆ డబ్బు మీ బడికి వచ్చిందా, వస్తే ఏం కొన్నారు, కొన్నది బీరువాలో ఉందా పిల్లల చేతిలో ఉందా, అడగండి. క్యారంబోర్డు మీద దుమ్ము చూస్తే జవాబు తెలిసిపోతుంది.

2019లో ఆంధ్రలో నాడు-నేడు వచ్చింది. 2022లో తెలంగాణలో మన ఊరు-మన బడి వచ్చింది. మరుగుదొడ్లు, నీళ్లు, కరెంటు, బల్లలు, రంగులు, ప్రహరీగోడలు. అవసరమైనవే, కాదనం. కానీ ఆ జాబితాల్లో ఆటస్థలం అనే పద్దు విడిగా లేదు. పైగా ఉన్న జాగాకే ఎసరు పెట్టిన కథ కూడా ఉంది. ఆంధ్రలో బడుల ఆవరణల్లో గ్రామసచివాలయాలు, రైతుభరోసా కేంద్రాలు కట్టొద్దని 2020 జూన్‌లో హైకోర్టు చెప్పింది. వినలేదు. 2022 మార్చి 31న 8 మంది ఐఏఎస్ అధికారులకు కోర్టు ధిక్కారం కింద రెండు వారాల జైలు వేసి, వాళ్లు క్షమాపణ చెప్పాక సంక్షేమ హాస్టళ్లలో సేవ చెయ్యమని మార్చింది. శిక్ష అనుభవించడానికి మన పిల్లలుండే హాస్టళ్లే దొరికాయి! సరే, ఆ తీర్పు మన చేతిలో ఆయుధం. బడిజాగాలో ఎవడైనా ముగ్గు పోస్తుంటే ఆ సంగతి గుర్తుచెయ్యండి.

ఖాళీగా పడున్న బడిజాగాను ఆక్రమించడం తేలిక. గడ్డివాము పడుతుంది, ట్రాక్టరు నిలుస్తుంది, వడ్లు ఆరతాయి, పెళ్లి షామియానా లేస్తుంది, కొన్నాళ్లకు హద్దురాయి నడుస్తుంది. రోజూ 60 మంది పిల్లలు తవ్వి, కట్టి, గోలగోల చేసే జాగాలో రాయి నడవడం కష్టం. పాతసామాను ఆటకు ఈ లాభం కూడా ఉంది. ముందు సర్వే నంబరు, విస్తీర్ణం కనుక్కోండి, ఆ తరవాత టైరు పాతండి.

పని ఎట్లా? పంక్చరు షాపుల్లో, గ్యారేజీల్లో, లారీ స్టాండుల్లో టైర్లుంటాయి. భోగిమంటల్లో తగలేసి ఆ నల్లపొగ పిల్లలకు పీల్పించేకంటే బడికి ఇమ్మంటే ఇస్తారు. టైరును చెయ్యితో చుట్టూ తడిమి చూడాలి. రేడియల్ టైరైతే అరిగినచోట సన్నటి ఇనుపతీగలు బయటికొస్తాయి, పిల్లల తొడలు చీరతాయి. అలాంటిది వద్దు, నైలాను టైరు మేలు. ఏది ఏదో పంక్చరు షాపాయన చూడంగానే చెప్తాడు. ప్రతి టైరుకూ అడుగున నాలుగు బొక్కలు కొట్టాలి. లేకపోతే వాన నీళ్లు నిలిచి డెంగీ దోమకు పుట్టిల్లు అవుతుంది. నిలువునా సగం దాకా పాతితే పిల్లలు దూరి పాకే సొరంగం. పడుకోబెట్టి వరసగా పేరిస్తే గెంతే మెట్లు. నల్లటైరు ఏప్రిల్ ఎండకు పెనంలా కాలుతుంది, చెట్టునీడ ఉన్నచోటే పెట్టాలి, లేతరంగు వెయ్యాలి. రంగులో సీసం ఉండకూడదు. 2017 నవంబరునుంచి ఇళ్లకేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదని చట్టం ఉంది. డబ్బా మీద ఆ ముక్క చూసి కొనండి, ఎవరింట్లోనో మిగిలిన పాతరంగు వెయ్యకండి. టైర్లను పొడి చేసి నేల మీద పరిచే పద్ధతి మనకొద్దు. దాని మీద నెదర్లాండ్స్‌లో 2016లో పెద్ద గొడవే అయింది. టైరుతో ఆడాక మధ్యాహ్నం అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దానికి బడిలో నీళ్లుండాలి. నీళ్లు లేని బడిలో టైర్లకంటే ముందు పంపు కోసం కొట్లాడండి.

బావికేసే సిమెంటు వరలు అంచు విరిగినవి దొరుకుతాయి. పడుకోబెట్టి మూడోవంతు భూమిలో పాతకపోతే అవి దొర్లి పిల్లల మీదికొస్తాయి. విరిగిన అంచుకు సిమెంటు పూయాలి. ఊయలకు చెట్టుకొమ్మ ఎంత లావో చూడండి, పచ్చికొమ్మా ఎండుకొమ్మా చూడండి. ఊయల కింద అడుగు లోతు ఇసుక పొయ్యండి. ఇద్దరు పెద్దమనుషులు ముందు ఊగాలి. నవ్వేవాళ్లు నవ్వుకోనీ.

ఇంతకంటే ముఖ్యం, బడిలోకి రాకూడనివి. పురుగుమందు డబ్బా, డ్రమ్ము ఎంత కడిగినా రాకూడదు. 2013 జూలైలో బీహారు సారణ్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్నం అన్నం తిని 23 మంది పిల్లలు చచ్చిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. పత్తిచేలల్లో మనం కొడుతూ వచ్చిందీ అదే మందు. డబ్బా నీలంగా, నున్నగా, బలంగా ఉంటుంది, చూస్తే పారెయ్యబుద్ధి కాదు. అందుకే గట్టిగా చెప్తున్నాం. ఆస్బెస్టాస్ రేకుముక్క రాకూడదు. పగిలితే దాని నూగు ఊపిరితిత్తుల్లో దిగి ఏళ్ల తరవాత చంపుతుంది. బ్యాటరీలు, ట్యూబులైట్లు, ఆస్పత్రి సామాను, తలుపుతో ఉన్న పాత ఫ్రిజ్ రాకూడదు. మేకులున్న చెక్క మేకులు పీకాకే రావాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకొద్దాం. ఎవరు మోస్తారు?

సామాను ఏరుకురమ్మని సారు ఏ పిల్లల్ని పంపుతాడో మనకు తెలుసు. బడి ఊడ్చేది, దొడ్డి కడిగేది, నీళ్లు తెచ్చేది ఏ పిల్లలో కూడా తెలుసు. శ్రమదానం అంటారు, క్రమశిక్షణ అంటారు, హరితహారం అంటారు. పేరు మారుతుంది, చేతులు మారవు. ఈ ఆటసామాను పేరుతో ఇంకో వెట్టి మొదలైతే మేమే ముందు వ్యతిరేకిస్తాం. చెత్త ఏరుకునే కుటుంబాల పిల్లలు ఆ బడిలో ఉండవచ్చు. తెల్లారుజామున తల్లితో పాటు గోనెసంచి భుజాన వేసుకుని తిరిగొచ్చిన పిల్లకు బడిలో మళ్లీ "చెత్త తే" అనే మాట ఎట్లా వినపడుతుందో ఆలోచించండి. అందుకని ఒక కట్టుబాటు. పిల్లలు సామాను మొయ్యకూడదు. పెద్దలు మొయ్యాలి, అన్ని కులాల పెద్దలూ మొయ్యాలి. సర్పంచి ట్రాక్టరు రావాలి. టైర్లు దించేటప్పుడు ఊరిపెద్ద కొడుకు కూడా ఒక చెయ్యి వెయ్యాలి. వెయ్యనంటే ఆ ఊరి బడిలో సమస్య టైరు కాదని తెలిసిపోయింది, అది వేరే పోరాటం.

రెండోది, ఎవరు ఆడుతున్నారు? మగపిల్లలు క్రికెట్టు పేరుతో జాగా అంతా ఆక్రమించి, ఆడపిల్లలు గోడవారన అష్టాచెమ్మా గీసుకుని కూర్చోవడం ప్రతిబడిలో ఉంది. మగపిల్లల్ని తిట్టి లాభంలేదు, ఇళ్లల్లో మనం నేర్పిందే. పలకలు, ఇటుకలు, తాళ్ల ఆట మొదలైతే ఈ గీత కొంత చెరుగుతుంది, ఎందుకంటే ఇల్లు కట్టే ఆటలో ఆడపిల్లల మాటే చెల్లుతుంది. నడవలేని పిల్లలకు దుక్కాలు దుక్కాలుగా ఉన్న నేల పనికిరాదు. ఒక దారి చదునుగా, బండి పోయేంత వెడల్పుగా వదలాలి. నడుమెత్తు బల్ల మీద ఇసుక పోసి పెడితే చక్రాలకుర్చీలో ఉన్న పిల్ల కూడా చేతులు ముంచి ఆడుతుంది.

మరి పిల్లలతో ఎవరుండాలి? ఎమ్‌డ్రప్‌లో దానికే ఒక మనిషిని పెట్టారని పైన చెప్పుకున్నాం. మన ప్రాథమిక బడికి పీఈటీ లేడు. విద్యాహక్కు చట్టం కూడా 6నుంచి 8 తరగతుల్లో 100 మంది దాటితేనే, అదీ పార్ట్‌టైము మనిషినే ఇస్తానంది. ఐదు తరగతులకు ఒకరిద్దరు టీచర్లున్న చోట వాళ్లనే ఆటకూ కాపలా ఉండమంటే అది ఆచరణకు రాదు. మన సంఘాల యువకులు, యువతులు వంతులేసుకుని రోజుకో గంట రావచ్చు. రావాలి కూడా. కానీ ఊరికే ఎన్నాళ్లొస్తారు? ఆ గంటకు కూలి ఇమ్మని అడగడం కూడా ఈ కోరికలో భాగమే. వచ్చినవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. "అట్లా కాదు, ఇట్లా కట్టు" అని పిల్లల చేతిలోంచి తాడు లాక్కోవద్దు. పడిపోయేంత ఎత్తెక్కితే దించండి. మిగతా టైము గమ్మున కూర్చోండి.

హెడ్మాస్టర్లకు ఒక భయం ఉంది, అది అర్థంలేనిదేమీ కాదు. విరిగిన బల్లయినా స్టాకు రిజిస్టరులో ఉంటే అది ప్రభుత్వ ఆస్తి. ముట్టుకుంటే ఆడిట్లో తల తెగుతుందని గదిలో పెట్టి తాళం వేస్తారు. పిల్లోడికి మోకాలు గీరుకుంటే తండ్రి వచ్చి కాలరు పట్టుకుంటాడని ఇంకో భయం. ఈ రెంటికీ మందు కమిటీయే. యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, సగం ఆడవాళ్లుండాలి, వెనకబడ్డ వర్గాల తల్లిదండ్రులు వాళ్ల పిల్లల లెక్క ప్రకారం ఉండాలి అని చట్టమే చెప్తోంది. తెలంగాణలో 2024నుంచి మహిళాసంఘాల తల్లులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. సంతకాలు పెట్టించుకోవడానికే మనవాళ్లను పిలుస్తున్న కమిటీలు ఎన్నో. ఈసారి మనమే కాగితం రాసుకుని పోదాం. సాయం కావాలన్నవాళ్ల కోసం ముసాయిదా ఇస్తున్నాం, ఊరిపేరు నింపుకోండి:

"మా గ్రామ ప్రాథమిక పాఠశాల ఆటస్థలం హద్దులు మండల సర్వేయరుతో కొలిపించాలని, ఈ సంవత్సరం వచ్చిన ఆటసామాను నిధి లెక్క తల్లిదండ్రుల ముందు చదవాలని, స్టాకులో ఉన్న పనికిరాని బల్లలు, చెక్కలను నిబంధనల ప్రకారం రిజిస్టరునుంచి తీసి పిల్లల ఆటకు ఇవ్వాలని, టైర్లు, వరలు, ఇసుక తెచ్చే పని గ్రామపంచాయతి చెయ్యాలని, ఏ పిల్లచేతా ఏ పిల్లవాడిచేతా మోత, ఊడ్పు పని చేయించరాదని, ప్రతి శనివారం ఇద్దరు తల్లిదండ్రులు సామాను తనిఖీ చేసి పుస్తకంలో సంతకం చెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

ఏకగ్రీవం కుదరకపోతే ఎవరు వద్దన్నారో వాళ్ల పేర్లూ, చెప్పిన కారణాలూ కూడా పుస్తకంలో ఎక్కించమనండి. బడులు జూన్ రెండోవారంలో తెరుస్తారు. మొదటి వానకు ముందే గుంతలు తవ్వితే నేల మెత్తగా లేకపోయినా టైరు గట్టిగా నిలుస్తుంది.